‘విహంగి’లో శబ్దం తగ్గించిన విధం

రాష్ట్ర విహారయాన సంస్థ వారి కారవాన్‌లో ఇంజను చప్పుడు ఎక్కువగా ఉందని చాలా ఏళ్ల పాటు ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. చేసే ఉంటారు గానీ, ఆ చప్పుడులో ఎవరికీ వినపడి ఉండదు.

కారవాన్ అంటే మరేం లేదు, చక్రాల మీద ఇల్లు. బస్సంత బండిలో రెండు మంచాలు, ఓ సోఫా, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, చెయ్యి కడుక్కోవడానికి సింకు, వెనక బాత్రూము. దాని పేరు ‘విహంగి’. ఎప్పుడో ఉత్సాహవంతుడైన అధికారి ఒకాయన కొన్నాడు. ఆయన రిటైరయ్యాడు, ఆయన తర్వాతాయనా రిటైరయ్యాడు, విహంగి మాత్రం విశాఖపట్నం నుంచి అరకు ఘాట్ ఎక్కుతూ దిగుతూ సర్వీసులోనే ఉండిపోయింది. పాత రకం బండి కనుక దాని ఇంజను ముందుకు ముక్కులా పొడుచుకుని ఉండదు. డ్రైవరు పక్కనే, బండి లోపలే, ఓ ఇనప పెట్టె కింద కూర్చుని ఉంటుంది. ప్రయాణికులు దాన్ని కూడా ఇంట్లో మనిషిలాగే భరించేవారు.

ఆ బండికి మేనేజరు ఇవటూరి గోవర్ధనం. మెత్తని మనిషి. పైనుంచి వచ్చిన ఆదేశాన్ని పాటించకపోవడమంటే ఆయన దృష్టిలో చెప్పులతో గుళ్లోకి వెళ్లడమే. డ్రైవరు దాలినాయుడిది శృంగవరపుకోట పక్క ఊరు. కాంట్రాక్టు ఉద్యోగం. విహంగి ఉన్నంతకాలం అతనికి జీతం ఉంటుంది, విహంగి పోతే అతనూ పోతాడు. అందుకని పొద్దున్నే బండి తుడిచేటప్పుడు ఆవును తోమినట్టు తోమేవాడు.

ఇలా సాగుతుండగా ఒకసారి సంస్థ డైరెక్టరు ముక్తేశ్వరరావు గారు, అదనపు డైరెక్టరు పరాంకుశం గారు గోవర్ధనాన్ని వెంటబెట్టుకుని విహంగిని తనిఖీ చెయ్యడానికి అరకు బయల్దేరారు. డైరెక్టరు గారు వెనక మంచం మీద నడుం వాల్చి తనిఖీ ప్రారంభించారు. పరాంకుశం గారు ముందు, ఇంజను పెట్టె పక్కన కూర్చుని ఎవరో స్నేహితుడితో ఫోన్లో మాట్లాడుతున్నారు. మాట్లాడడమంటే అరవడమే. ఆ చోట అరవకపోతే తన మాట తనకే వినపడదు.

శృంగవరపుకోట దగ్గర రైలు గేటు పడింది. దాలినాయుడు బండి ఆపి ఇంజను కట్టేశాడు. ఇంజను ఆగింది గానీ పరాంకుశం గారి వాక్యం ఆగలేదు.

“ఆయనకేం తెలుసండీ! సంతకం ఎక్కడ పెట్టాలో నేను వేలు పెట్టి చూపిస్తే తప్ప...”

బండిలో ఎక్కడి గాలి అక్కడ ఆగిపోయింది. వెనక మంచం స్ప్రింగులు కిర్రుమన్నాయి.

“ఏ సంతకం, పరాంకుశం గారూ?” అని డైరెక్టరు గారి గొంతు చాలా సౌమ్యంగా వినపడింది.

పరాంకుశం గారు ఊరికే అంత పైకి రాలేదు. ఫోను జేబులో పెట్టుకుని, వెనక్కి తిరిగి, “ఇదే సార్, నేను ప్రారంభం నుంచీ మీ దృష్టికి తేవాలనుకుంటున్న సమస్య. ఇంజను శబ్దం మూలంగా మనుషుల మాట పూర్తిగా వికృతమై వినిపిస్తోంది” అన్నారు.

“ఇంజను ఆగి ఉంది కదండీ.”

“ఆ ఆగడం కూడా శబ్దం మూలంగానే సార్.”

గోవర్ధనం కిటికీలోంచి పట్టాలకేసి చూశాడు. జీవితంలో ఏ రైలు కోసమూ ఆయన అంతగా ఎదురుచూడలేదు.

ఆ వారమే ఆదేశం వచ్చింది. “సదరు వాహనాంతర్భాగమునందలి శబ్దమును తగ్గించవలెను. తగ్గింపునందలి ప్రగతిని ప్రతి నెలా నివేదించవలెను.” మొదటి వాక్యంలో తప్పు పట్టడానికేమీ లేదు. విహంగి కొంప ముంచింది రెండో వాక్యం.

గోవర్ధనం బండిని గాజువాకలో మస్తాన్ అనే మెకానిక్కు దగ్గరికి తోలించాడు. మస్తాన్ పెట్టె మూత ఎత్తి చూస్తే లోపలి పొర ఎలకలు తినగా మిగిలినంత ఉంది. పెడళ్ల చుట్టూ ఉన్న కంతల్లోంచి రోడ్డు కనపడుతోంది. అతను మూతకి లోపల రబ్బరు పట్టా వేసి, దాని మీద మందపాటి కంబళి గుడ్డ అతికించాడు. కంతలు మూశాడు. ఇంజను కూర్చునే చోట అరిగిపోయిన రబ్బరు దిమ్మలు మార్చాడు. సైలెన్సరుకున్న చిల్లి వెల్డింగు చేశాడు. బండి షెడ్డులోంచి బయటికొచ్చేసరికి పులిలా గాండ్రించే ఇంజను పిల్లిలా గుర్రుమంటోంది.

“బాబూ,” అన్నాడు దాలినాయుడు తెల్లబోయి, “ఈ బండిలో రేడియో పని సేత్తాందండీ! ఇన్నాళ్లూ పాడైపోనాదనుకున్నాను.”

గోవర్ధనం సంతోషంగా ఇంటికెళ్లి భార్య రత్నావళికి ఈ సంగతి చెప్పాడు.

“అయితే ఇక ఇంట్లో కూడా మామూలుగా మాట్లాడొచ్చు మీరు,” అందావిడ. “కాఫీ అడిగితే పక్కవాటాలోవాళ్లు తెచ్చిస్తున్నారు.”

‘శబ్దం తగ్గినది, పని పూర్తయినది’ అని గోవర్ధనం నివేదిక పంపాడు. జవాబు వచ్చింది: “మొదటి నెల ప్రగతి సంతృప్తికరం. రెండవ నెల ప్రగతి నిమిత్తం ఎదురుచూచుచున్నాము.”

ఏదో పొరపాటు జరిగిందనుకుని ఆయన స్వయంగా ప్రధాన కార్యాలయానికి వెళ్లాడు.

“తగ్గిపోయిందండీ,” అన్నాడు పరాంకుశం గారితో.

“ఎంతవరకు?”

“సరిపడా తగ్గిందండీ.”

“ఆదేశంలో ‘సరిపడా’ అనే పదం ఉందా?”

“లేదండీ.”

“హద్దు లేని ఆదేశానికి హద్దు గీసే అధికారం మీకెవరు దఖలు పరిచారు?” పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “తగ్గింపు అనేది గమ్యం కాదు గోవర్ధనం గారూ, నిరంతర ప్రక్రియ. ఏ నెల ప్రగతి ఆగుతుందో ఆ నెల సదరు వాహనం నిరర్థక ఆస్తి కింద వేలానికి వెళ్తుంది. డైరెక్టరు గారు ఈ విషయంలో వ్యక్తిగత శ్రద్ధ చూపుతున్నారు. ఆయన శ్రద్ధ ఇంకో విషయం మీదికి మళ్లకుండా చూడడం మనందరి బాధ్యత.”

గోవర్ధనం బయటికొచ్చేసరికి దాలినాయుడు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. “వేలం అంతన్నారేటి బాబూ? నాకిద్దరాడపిల్లలు” అన్నాడు. గోవర్ధనం అతని భుజం తట్టి, “పద, ఏదో ఒక చప్పుడు వెతుకుదాం” అన్నాడు.

వెతకాల్సిన పనే లేకపోయింది. ఇంజను ఘోషలో ఇన్నాళ్లూ అణిగి ఉన్న చప్పుళ్లన్నీ సమయం చూసుకుని బయటపడ్డాయి. కిటికీ అద్దాలు గడగడమంటున్నాయి. ఆ నెల అద్దాల సందుల్లో రబ్బరు కుక్కారు. అవి నోరు మూసుకోగానే చెంచాలూ గిన్నెలూ వినపడ్డాయి. వాటికి విడివిడిగా గుడ్డలు చుట్టి పడుకోబెట్టారు. అప్పుడు ఫ్రిజ్జు మూలుగు వినపడింది. ఫ్రిజ్జు తీసేశారు. పొయ్యి బుస్సుమంటోందని పొయ్యి దింపేశారు. ట్యాంకులో నీళ్లు తొణుకుతున్నాయని ట్యాంకు ఖాళీ చేశారు. నీళ్లు లేని బాత్రూమును ఎవరూ వాడరు కనుక అటునుంచి రాదగిన శబ్దాలు కూడా వాటంతటవే పోయాయి. నెలనెలా ప్రగతి జరుగుతూనే ఉంది. వేలం నెలనెలా వాయిదా పడుతూనే ఉంది.

ఈలోగా తెనాలి నుంచి వచ్చిన ఓ దంపతులు విహంగిలో అరకు వెళ్లొచ్చారు. తిరిగొచ్చాక ఆ భర్తగారు గోవర్ధనం బల్ల ముందు కూలబడి, “మా ఆవిడ నన్నేమంటోందో ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి మీ బండిలో పూర్తిగా వినపడిందండీ. డబ్బులు వెనక్కి అడగను. ఆ ఇంజను చప్పుడేదో మళ్లీ పెట్టించండి” అన్నాడు.

ఈ సంగతి పరాంకుశం గారికి చేరేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. “ప్రయాణికులు! ఇంతటి శబ్ద మూలాన్ని ఇన్నాళ్లూ ఎలా ఉపేక్షించారు?”

ఆ నెల నుంచి విహంగి ఎక్కేవాళ్లు చెప్పులు బయటే విడిచి గుడ్డ మేజోళ్లు వేసుకోవాలని నిబంధన వచ్చింది. తినుబండారాల్లో జంతికలు, చేగోడీలు, అప్పడాలు నిషిద్ధం. ఇడ్లీకి, అరటిపండుకి అనుమతి ఉంది. పాయసం జుర్రకుండా తాగేవారికి మాత్రమే. తుమ్ము వస్తే బండి ఆపించి దిగి తుమ్మాలి. రాత్రి బస చేసేవాళ్లు తమకు గురక లేదని భార్య చేతగాని భర్త చేతగాని రాయించి తేవాలి. నమూనాగా మొదటి పత్రం తనే సమర్పిద్దామని గోవర్ధనం కాగితం రత్నావళి ముందు పెట్టాడు.

“దేవుడి గది ఎదురుగా నిలబెట్టి నా చేత అబద్ధం రాయించకండి,” అని ఆవిడ కాగితం తిరిగిచ్చేసింది.

మరుసటి నెల విహంగికి ఒక్క ప్రయాణికుడూ రాలేదు. శబ్దం ఏ నెలలోనూ తగ్గనంత తగ్గిపోయింది. ప్రధాన కార్యాలయం నుంచి గోవర్ధనానికి ప్రశంసాపత్రం వచ్చింది.

ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని బల్ల సొరుగులో పెట్టాడు. మనసు మాత్రం బాగాలేదు. ఒకప్పుడు ఆ బండి నిండా పిల్లలు కేరింతలు కొడుతూ ఉండేవారు. ఆడవాళ్లు ఘాట్ మలుపుల్లో పొయ్యి వెలిగించి టీ కాచేవారు. అది ఒలికితే అందరూ కలిసి అరిచేవారు. ఇప్పుడు బండిలోకి వెళితే ఎవరో పోయిన ఇంట్లోకి అడుగుపెట్టినట్టుంది. “ఏవండీ, ఎవరి కోసమండీ ఇదంతా?” అని రత్నావళి అడిగితే, ఆయనకు దాలినాయుడు తప్ప ఇంకో జవాబు తోచలేదు.

చివరికి బండిలో శబ్దమంటూ మిగిలింది పిల్లిలా గుర్రుమనే ఆ ఇంజను ఒక్కటే. దాని గురించి ప్రధాన కార్యాలయంలో ఉన్నతస్థాయి సమావేశం జరిగింది. గోవర్ధనాన్ని, దాలినాయుణ్ణి కూడా పిలిచారు.

“ఇంతవరకు మనం పైపై ఉపశమనాలతో కాలక్షేపం చేశాం,” అన్నారు పరాంకుశం గారు లేచి నిలబడి. “మూలకారణ నివారణకు సమయం ఆసన్నమైంది. ఇంజనును తొలగించడమైనది.”

“తొలగించడమైనదా, తొలగించవలెనా?” అని డైరెక్టరు గారు అడిగారు.

“తమరు ఇక్కడ సంతకం చేస్తే తొలగించడమైనది సార్,” అని పరాంకుశం గారు అలవాటు కొద్దీ వేలు పెట్టి చూపించబోయి, వేలు వెనక్కి తీసుకున్నారు. డైరెక్టరు గారు సంతకం చోటు తామే వెతుక్కుని పెట్టారు.

దాలినాయుడికి ఉండబట్టలేదు. “ఇంజను తీసీసినాక బండెలాగ నడుత్తాది బాబూ?”

“నడక వేరే అంశం,” అన్నారు పరాంకుశం గారు. “దాన్ని రవాణా విభాగం చూసుకుంటుంది. మన అంశం శబ్దం. అన్నట్టు, ఇంజను లేని వాహనానికి డ్రైవరు ఎందుకని ఆడిట్ వారు అభ్యంతరం లేవనెత్తగలరు. అంచేత ఈ నెలాఖరు నుంచి నీ సేవలు...”

దాలినాయుడు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ గుడ్డని నలుపుతూ నిలబడ్డాడు.

సర్వీసులో ఎన్నడూ ఉన్నతస్థాయి సమావేశంలో నోరెత్తని గోవర్ధనం కుర్చీలోంచి లేచాడు. “ఒక్క మనవి సార్. ఇంజను పోయినా స్టీరింగు ఉంటుందండీ. దాన్ని ఎవరూ పట్టుకుని కూర్చోకపోతే అది కిర్రుకిర్రుమంటుంది.”

పరాంకుశం గారు ఆలోచించారు. ఆ వాదన తన వాదనలాగే ఉండడం వల్ల దాన్ని కాదనడానికి ఆయనకు దారి దొరకలేదు. “అయితే డ్రైవరుగా కాదు,” అన్నారు చివరికి. “శబ్ద నివారణ పరికరంగా కొనసాగించవచ్చు.”

మెట్లు దిగుతూ దాలినాయుడు, “పరికరమంటే జీతం తగ్గిపోద్దా బాబూ?” అన్నాడు.

“తగ్గదు. నూనె మాత్రం పెడతారేమో,” అన్నాడు గోవర్ధనం. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎన్నో నెలల తర్వాత ఆయన పైకి వినపడేలా నవ్వడం అదే.

ఇంజను తీసేశారు. విహంగి దేశంలోకెల్లా శబ్దరహితమైన కారవాన్ అని సంస్థవారు ప్రకటించుకున్నారు. ప్రారంభోత్సవ యాత్రగా డైరెక్టరు గారూ, అధికారులూ అరకు వెళ్లాలని నిర్ణయమైంది. బండిని లాగడానికి ఓ లారీని అద్దెకు మాట్లాడారు. ఆ లారీ రొద అంతా ఇంతా కాదు. అయితే అది బాహ్య శబ్దం గనుక ఆదేశం పరిధిలోకి రాదు. ఇనప రాడ్డుతో విహంగిని లారీ వెనక బిగించి, బ్రేకులకు గాలి కూడా లారీ నుంచే గొట్టం వేసి తెచ్చారు. లారీకి మరీ దగ్గరైతే మోత లోపలికొస్తుందని రాడ్డు బాగా పొడుగైనది చేయించారు. అందరూ గుడ్డ మేజోళ్లు తొడుక్కుని లోపలికెక్కారు. దాలినాయుడు స్టీరింగు పట్టుకున్నాడు.

ఊరు దాటేంతవరకు బాగానే ఉంది. ఘాట్ మొదలయ్యాక, కంబళ్లూ రబ్బర్లూ కుక్కిన ఆ డబ్బాలో ఒకరి ఊపిరి ఒకరికి వినపడడం మొదలైంది. తర్వాత చేతిగడియారాలు వినపడ్డాయి. ఒకాయన అరటిపండు తొక్క ఒలిస్తే అందరూ ఉలిక్కిపడి అటు చూశారు. కాసేపటికి డైరెక్టరు గారి పొట్టలో ఏదో సుదీర్ఘంగా ఉపన్యసించింది. అధికారులందరూ గౌరవంగా కిటికీల్లోంచి లోయలోకి చూశారు. మలుపుల్లో బండి చడీచప్పుడు లేకుండా అటూ ఇటూ ఒరుగుతుంటే, మోసుకుపోతున్నదెవరో తెలియని పల్లకీలా ఉంది.

“మనం కదులుతున్నామా?” అని డైరెక్టరు గారు గుసగుసగా అడిగారు.

“ప్రగతి పథంలో ఉన్నాం సార్,” అన్నారు పరాంకుశం గారు, అంతకన్నా గుసగుసగా. ఆయన గుటక మింగడం అందరికీ వినపడింది.

అనంతగిరిలో టీ కోసం ఆగారు. డైరెక్టరు గారు కాళ్లు సాగదీసుకుంటానని దిగి, అటూ ఇటూ చూసి, మేజోళ్లతోనే వెళ్లి లారీ క్యాబిన్ ఎక్కేశారు. అక్కడ ఇంజను దడదడమంటోంది. టేప్‌రికార్డరు పాడుతోంది. లారీ డ్రైవరు దాన్ని మించి అరుస్తూ ఏదో దెయ్యం కథ చెబుతున్నాడు. డైరెక్టరు గారు ఇంక దిగలేదు. పెద్దాయన ఎక్కాక మిగతావాళ్లు ఎక్కకపోతే మర్యాద కాదు గనుక అధికారులంతా లారీ వెనక భాగంలో టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డారు. పరాంకుశం గారు అందరికంటే ముందే చోటు చూసుకున్నారు. మిగిలిన ఘాటంతా గోవర్ధనం, దాలినాయుడు ఇద్దరే విహంగిలో వెళ్లారు. అద్దంలోంచి చూస్తే లారీ మీద అధికారులు నోళ్లు బార్లా తెరిచి నవ్వుతున్నారు. ఏ మాటకో మాత్రం వినపడలేదు.

అరకులో ఓ మైదానం పక్కన విహంగిని విప్పి నిలబెట్టారు. ఫోటోలు తీసుకున్నారు. సాయంత్రానికి అందరూ మళ్లీ లారీ ఎక్కుతుంటే గోవర్ధనం పరుగెత్తుకెళ్లాడు.

“సార్, విహంగిని కిందికెలా దించుతామండీ?”

“దించడమా?” పరాంకుశం గారు ఫైలు తిరగేశారు. “మంజూరైంది ‘అరకు చేర్చుట’ నిమిత్తం. చేర్చాం. దించుటకు ప్రత్యేక ప్రతిపాదన రావాలి. అంతవరకు సదరు ఆస్తిని విడిచి మీరూ, పరికరమూ కదలకూడదు. నెలవారీ ప్రగతి యథాతథం.”

లారీ గోలగోలగా కొండ దిగి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా రత్నావళి అరకు రైల్లో వచ్చి దిగింది. వెంట గ్యాసు పొయ్యి, గిన్నెలు, దుప్పట్లు తెచ్చింది. దాలినాయుడు ట్యాంకులో నీళ్లు నింపాడు. చుట్టుపక్కల గూడేల ఆడవాళ్లు సంతకు వెళ్తూ వస్తూ తలుపు దగ్గర ఆగి, రత్నావళితో కాసేపు కబుర్లాడి పోయేవారు. గోవర్ధనానికి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఒక్కటే దిగులు. నెలాఖరు వస్తోంది, నివేదించడానికి ఏ శబ్దమూ మిగల్లేదు. పొయ్యి గురించి రాద్దామంటే, “రాశారా, రేపే పుట్టింటికి పోతా” అంది రత్నావళి. ప్రగతి ఆగితే వేలం. వేలమైతే దాలినాయుడు వీధిన పడతాడు.

ఆ దిగుల్లో ఉండగానే వానాకాలం వచ్చింది. అరకు వాన, రేకు కప్పు. పడ్డం మొదలైతే కప్పు మీద వెయ్యి డప్పులు ఒక్కసారి కొట్టినట్టుండేది. పాత ఇంజను దాని ముందు ఏ మూలకీ రాదు. ముగ్గురూ ఒకే సోఫాలో కూర్చుని ఒకరి చెవిలో ఒకరు అరుచుకున్నారు.

గోవర్ధనం నిజాయితీగా రాసి పంపాడు: “సదరు వాహనమునందు వర్షము వలన భారీ శబ్దము గమనించడమైనది. తగ్గించు విధము తెలుపగలరు.”

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. అదొచ్చిన రోజూ కుండపోతే. ఆయన కవరు చింపి చదువుతుంటే రత్నావళి టీ గ్లాసులు పట్టుకొచ్చింది.

“ఏమంటారు?” అని అరిచింది.

గోవర్ధనం కూడా గొంతెత్తి చదివాడు. “వర్షము సంస్థ పరిధిలోనిది కానందున, సంబంధిత శాఖతో సంప్రదింపులు జరిపి, సదరు శాఖ నుండి తుది నిర్ణయము వెలువడునంతవరకు వాహనమును, సిబ్బందిని యథాస్థానమునందే కొనసాగించవలెను!”

“సంబంధిత శాఖంటే ఏ శాఖండీ?”

గోవర్ధనం తలెత్తి కప్పుకేసి చూశాడు. రత్నావళీ చూసింది.

దాలినాయుడికి విషయం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థం కాగానే గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. “రాసీండి బాబూ, ఆ శాఖోరికి ఇప్పుడే రాసీండి! ఆళ్లు నిర్నయం తీసుకునేసరికి మా పిల్లలిద్దరి సదువులూ అయిపోతాయి.”

గోవర్ధనం కళ్లజోడు సర్దుకుని కాగితం తీశాడు. ఆ నెల నివేదిక ఒకే ఒక్క వాక్యంలో పూర్తి చేశాడు. “సంబంధిత శాఖతో సంప్రదింపులు జరుగుచున్నవి.”

కింద సంతకం పెడుతుంటే, పైనుంచి పెద్దగా ఉరిమింది.